ఇంటాయన పేరు

పేరు చెప్పమంటే హజరాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అడిగింది ఆమె పేరు కాదు, మొగుడి పేరు. ఆసుపత్రి కిటికీ అవతల గుమాస్తా విశ్వేశ్వరయ్య తల ఎత్తకుండానే మళ్లీ అడిగాడు. ఆమె భుజాన ఏడేళ్ల మున్నీ జ్వరంతో కాలిపోతోంది. మడమలో తుమ్మముల్లు విరిగి, చీము పట్టి, పాదం బూరెలా ఉబ్బింది. వెనక నిలబడ్డవాళ్లు గొణుక్కుంటున్నారు. అయినా మొగుడి పేరు నోటితో పలకడం ఎట్లా? పెళ్లయినప్పటి నుంచి ఆమె ఆ పేరు పలికింది లేదు. ఇంట్లో అయితే "ఇదిగో", బయట అయితే "మున్నీ వాళ్ల నాయన". ఎర్రదిన్నెలో ఏ ఇంటి ఆడదైనా అంతే, అందులో హిందువులని ముసల్మానులని తేడా లేదు.

ఆసుపత్రికి కొత్త డాక్టరు రాకముందు ఈ బాధ ఉండేది కాదు. ఇంటి నుంచి సీసా తెచ్చుకుని, మందు పోయించుకుని, సీసాకు మోతాదు గుర్తుగా కాగితపు గాట్లు అంటించుకుని పోవడమే. ఇప్పుడు ఇంటికో కార్డు. ఇంటి యజమాని పేరు మీద కార్డు, కార్డులన్నీ చెక్క సొరుగుల్లో వరసగా. ఆ ఇంట్లో ఎవరికి ఏ జబ్బు చేసినా, ఏ మందు ఇచ్చినా దాని మీదే రాస్తారు. డాక్టరు కుర్రవాడు. చెడ్డవాడని ఎవరూ అనలేరు గానీ, ఆ సొరుగులంటే ఆయనకు కన్నబిడ్డలంత ముద్దు. కార్డు ముందు పెడితే తప్ప నాడి పట్టడు. పెట్టాక ఇక మనిషి ముఖం చూడడు.

మామూలుగా అయితే నర్సు అనసూయ లోపలి నుంచే కేక వేసేది, దూదేకుల బాషా కార్డు తియ్యప్పా, మా హజరా వచ్చింది అని. ఆవేళ అనసూయ లోపల స్టవ్వు మీద సూదులు ఉడకబెడుతూ చూడలేదు. వెనకున్న సైదున్నీసాకు విసుగెత్తింది. మహబూబ్ బాషా అని రాసుకో సామీ, ఎంతసేపు నిలబెడతావు మమ్మల్ని అని ఆమే చెప్పేసింది. ఆ ఊళ్లో మహబూబ్ బాషాలు ఇద్దరు. ఒకడు పత్తిమిల్లు కాపలాదారు. ఇంకొకడు దూదేకి పరుపులు కుట్టేవాడు, హజరాబీ మొగుడు. విశ్వేశ్వరయ్య సొరుగు లాగి, ముందు చేతికందిన కార్డు తీసి ఇచ్చాడు. అది మిల్లు బాషాది. హజరాబీకి అక్షరమ్ముక్క రాదు. ఆమె దాన్ని నలగకుండా పట్టుకుని లోపలికి నడిచింది.

ఆ కార్డంటే ఆమెకు గొప్ప ధైర్యం. పోయినేడు ఈ డాక్టరు సెలవులో ఉండగా బదులు వచ్చినాయన మున్నీకి ఒక సూది వేస్తే పిల్ల ముఖమంతా వాచిపోయి, ఊపిరి అందక, కళ్లు తేలేసింది. ఆ పొద్దంతా అనసూయ అన్నం నీళ్లు మాని మంచం పట్టె మీద కూర్చుంది. పిల్ల తేరుకున్నాక ఆ సంగతి కార్డులో ఎర్రసిరాతో రాయించింది. ఇంక నువ్వు ఏ డాక్టరుకూ చెప్పే పనిలేదు హజరా, ఈ కార్డే చెప్తుంది అని భుజం తట్టింది. తాయెత్తు కట్టించుకున్నంత నిబ్బరంగా ఉండింది హజరాబీకి అప్పటి నుంచి.

డాక్టరు పాదం నొక్కి చూశాడు. ముల్లు తీసి, చీము పిండి, కట్టు కట్టాడు. మున్నీ అరుస్తుంటే పాపం ఆయనే చేతిలో ఒక పిప్పరమెంటు బిళ్ల పెట్టి ఊరుకోబెట్టాడు. ఆ తర్వాత కార్డు ముందుకు లాక్కుని, రాసుకుంటూ, పెన్సిలిన్ వేద్దామన్నాడు.

హజరాబీకి ఆ పేరు గుర్తుంది. ఆమె గొంతు సవరించుకుంది.

"సామీ, ఆ సూది ఈ పాపకు పడదు. పోయినేడు వేస్తే మొగమంతా వాచి ఊపిరాడల్యా."

డాక్టరు కార్డు వెనక్కి తిప్పాడు, మళ్లీ ముందుకు తిప్పాడు. అట్లాంటిదేమీ ఇందులో లేదే అన్నాడు. వేరే సూది ఏదో అయివుంటుందన్నాడు. కలం ఆగలేదు.

"నర్సమ్మకు తెలుసు సామీ."

అనసూయ సూదుల పళ్లెం పట్టుకుని పక్కనే ఉంది. ఆమె నోరు తెరిచి, "సార్..." అంది. డాక్టరు ఎడమచెయ్యి కొంచెం పైకెత్తాడు, అంతే. కిందటి వారం ఎవరికో పాత అలవాటు కొద్దీ మందు ఇచ్చిందని ఆయన ఆమెను జనమందరి ముందూ దులిపేశాడు. ఇది ఆసుపత్రి, నీ జ్ఞాపకాల మూట కాదు, కార్డులో ఉన్నదే వైద్యం అన్నాడు. ఆ మాటలు హజరాబీ కూడా విన్నది. అనసూయ తెరిచిన నోరు మూసుకుంది. పళ్లెం బల్ల మీద పెట్టి, వచ్చి మున్నీ కాళ్లు పట్టుకుంది.

అది చూశాక హజరాబీ మనసు కుదుటపడింది. అనసూయే పట్టుకున్నాక ఇంక భయమేముంది? తనకే పేరు పొరపాటు పడి ఉంటుంది. ఈ పిల్లను భూమ్మీద మొదట పట్టుకున్న చేతులు అవే. కానుపు రోజున మంత్రసాని దొరక్క, ఏకిన దూది రాశి మీదే అనసూయ మున్నీని బయటికి తీసింది. అందుకని హజరాబీ కూడా కూతురి భుజాలు గట్టిగా అదిమి పట్టింది, సూది సరిగ్గా దిగేటట్టు.

సూది తీసి దూది అద్దారో లేదో మున్నీ గొంతు గోక్కోవడం మొదలుపెట్టింది. పెదవులు లావయ్యాయి. కంటి రెప్పలు పొంగి కళ్లు మూసుకుపోయాయి. ఎగపోస్తున్న ఊపిరి ఈలలాగా వినబడింది. ఆ తర్వాత జరిగినదంతా హజరాబీకి ముక్కలు ముక్కలుగానే తెలుసు. డాక్టరు గబగబా ఇంకో మందు సూదిలోకి లాగడం, అనసూయ ఏడుస్తూ పిల్ల కాళ్లు పైకెత్తి పట్టుకోవడం, జుట్టు నిండా దూదితో మున్నీ వాళ్ల నాయన గుమ్మంలోకి పరుగెత్తుకు రావడం. చాలాసేపటికి పిల్ల ఊపిరి దారిలో పడింది. డాక్టరు పొద్దువాలేదాకా ఆ మంచం దగ్గర నుంచి కదలలేదు. ఆ మాట ఒప్పుకోవాలి.

పొద్దువాలాక ఆయన సొరుగు దగ్గరికి పోయాడు. కార్డులు ఒక్కొక్కటే తీసి చూసి, ఒకటి పట్టుకుని కిటికీ వెలుగులోకి వచ్చాడు. అంత దూరానికి కూడా దాని మీద ఎర్రగీత కనబడింది హజరాబీకి. రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. చివరికి కార్డులు మారాయమ్మా అన్నాడు, నేలను చూస్తూ. రేపు కట్టు మార్చాలి, తీసుకురండి అన్నాడు. అనసూయ అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు, ఆ మర్నాడు మున్నీ కుట్టీ కుట్టని పరుపు మీద పడుకుని మూలిగింది. జమ్మలమడుగులో పెళ్లివారికి ఇవ్వాల్సిన పరుపులవి. మహబూబ్ బాషా దూదేకే విల్లు మోగిస్తుంటే ఇల్లంతా నూగు లేస్తోంది. హజరాబీ గుడ్డ సంచిలోకి దూది కూరి, మూలలు పిడికిలితో గుద్ది సరిచేసి, దబ్బనంతో కుడుతోంది. దబ్బనం గుడ్డలో దిగినప్పుడల్లా పిల్లను అదిమి పట్టుకున్నది గుర్తొచ్చి ఆమె చెయ్యి ఆగుతోంది. మొగుడు ఏమీ అనలేదు. అననందుకే ఆమెకు ఇంకా బాధగా ఉంది.

సంగతి ఊరంతా పాకింది. దానికి తోడు కడప నుంచి ఆసుపత్రులు తనిఖీ చేసే పెద్దాయన వస్తున్నాడని కబురు తెలిసింది. ఆయన వచ్చేది ఈ గొడవకు కాదు, కార్డులు చూడడానికి. ఎర్రదిన్నె జనం తృప్తిగా ఉన్నారని తేలితే ఇట్లాంటి సొరుగులే జమ్మలమడుగులోనూ పులివెందులలోనూ పెట్టిస్తారట. జనాన్ని పిలిచి స్వయంగా అడుగుతారట. మహబూబ్ బాషా విల్లు ఆపి, జరిగిందంతా ఆయనకు చెప్పాల్సిందేనన్నాడు. చెప్పకపోతే ఇంకో ఊళ్లో ఇంకో బిడ్డకు ఇదే జరుగుతుందన్నాడు. హజరాబీ సరేనంది. తను చెప్పిన మాట చెప్పినట్టు నలుగురిలో తేలాలి, ఆమెకు కావలసింది అంతే. ఊళ్లో అప్పుడే తల్లే సరిగా చెప్పలేదంట అని అనుకుంటున్నారు. సొంత బిడ్డను తానే సూది కింద పడేసిందన్న మాట ఆమె ఎట్లా మోస్తుంది?

ఆ సాయంత్రం అనసూయ వచ్చింది. చేతిలో సగ్గుబియ్యం పొట్లం, మున్నీకి జావ కాచిపెట్టమని. మహబూబ్ బాషా ముఖం చాటేసి పెరట్లోకి పోయాడు. అనసూయ పిల్ల నుదురు తాకి చూసింది, కట్టు చూసింది, ఆ తర్వాత నేల మీదే చతికిలబడి కొంగుతో ముఖం కప్పుకుంది.

వీళ్లిద్దరి స్నేహం ఊళ్లో అందరికీ తెలుసు. ఆ ఏడాది మొదట్లో జనాభా లెక్కలవాడు వచ్చినప్పుడు ఇద్దరూ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. మొగుడి పేరేమిటంటే హజరాబీ నోరు పెగలలేదు. అనసూయ పకపకా నవ్వి మహబూబ్ బాషా అని చెప్పింది. మరి మీ ఆయన పేరమ్మా అని వాడు ఆమెనడిగితే ఆమె నవ్వు ఆగిపోయింది. బడి పంతులుగారి భార్య, నాలుగక్షరాలు నేర్చింది, సర్కారు నౌకరీ చేస్తోంది, అయినా ఆమెకూ నోరు రాలేదు. అప్పుడు హజరాబీ చెప్పింది, గురురాజారావు అని. నా మొగుని పేరు నువ్వు చెప్పు, నీ మొగుని పేరు నేను చెప్తా అనుకుని ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. లెక్కలవాడు కూడా నవ్వుకుంటూ రాసుకుపోయాడు.

ఇప్పుడు ఆ అనసూయ ఏడుస్తోంది. తప్పంతా తన నెత్తిన రుద్దుతారని, తనను ఎక్కడో పులివెందుల అవతలికి విసిరేస్తారని, ఆయన బడి ఇక్కడ, పిల్లలు ఇక్కడ అని చెప్పుకుంది.

"హజరా, ఆయన అడిగితే బాగా చూస్తారని ఒక్కమాట చెప్పు. కార్డు మారిన సంగతి, నువ్వు సూది వద్దన్న సంగతి నేనే నా నోటితో చెప్తా. నువ్వు చెప్తే కోపంతో చెప్తాండావు అనుకుంటారు. నేను చెప్తే నమ్ముతారు."

హజరాబీ ఆమె చేతుల వంక చూసింది. మున్నీ తొలి ఏడుపు విన్న చేతులు అని ఆమె మనసులో అనుకుంది. చేతులు వినవని తెలిసీ అట్లాగే అనుకుంది.

"నువ్వు చెప్తావు గదా నర్సమ్మా?"

"నా బిడ్డల మీద ఒట్టు."

అనసూయ పోయాక మహబూబ్ బాషా లోపలికి వచ్చాడు. ఆ ఒట్టు సంగతి విని విల్లు అందుకున్నాడు. ఆయమ్మ మాట తప్పే మనిషి కాదని హజరాబీ రెండుసార్లు చెప్పింది. అతను ఊకొట్టాడు.

పెద్దాయన మరుసటి రోజు జీపులో వచ్చాడు. నెరిసిన తల, నిదానమైన మనిషి, మాట కూడా మెత్తన. ఆసుపత్రి వసారాలో బల్ల వేశారు. సొరుగులు బయటికి తెచ్చి, దుమ్ము తుడిచి, పక్కన పెట్టారు. ఆయన నాలుగు కార్డులు తీసి చూసి, శభాష్ అన్నాడు. ఆ తర్వాత జనాన్ని ఒక్కొక్కరినే పిలిచి, ఇక్కడ వైద్యం మీకు తృప్తిగా ఉందా అని అడిగాడు. డాక్టరు పక్కన నిలబడి ఉండగా, నర్సు పక్కన నిలబడి ఉండగా ఎవరైనా ఏమంటారు? ఇంటికి పిలిచిన పెద్దమనిషి అన్నం బాగుందా అంటే బాగాలేదని ఎవరంటారు? బాగుంది సామీ, మీ దయ సామీ అన్నారు. సైదున్నీసా అయితే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. హజరాబీ వంతు వచ్చింది. ఆమె అనసూయ వైపు ఒకసారి చూసి చెప్పింది.

"బాగా చూస్తారు సామీ. నర్సమ్మ శానా మంచిది."

పెద్దాయన రాసుకున్నాడు. రాసుకుని, మొన్న ఒక పిల్లకు సూది వికటించిందట, ఆ తల్లి ఎవరని అడిగాడు. తనేనని చెబితే ఆయన కలం ఆపి మున్నీని చూశాడు, పిల్ల చెంప నిమిరాడు. కార్డులు ఎందుకు మారాయని డాక్టరునడిగాడు. డాక్టరు విశ్వేశ్వరయ్య వైపు చూశాడు. పేరు అడిగితే ఈమె చెప్పలేదు సార్ అన్నాడు విశ్వేశ్వరయ్య. అది నిజమే. హజరాబీ తల ఊపింది. మిగతాది అనసూయ చెప్తుంది, ఒట్టు వేసింది.

పెద్దాయన అనసూయ వైపు తిరిగాడు. సూది వేసేటప్పుడు మీరు పక్కనే ఉన్నారు గదా, అది పడదని ఈ తల్లి చెప్పిందా అని అడిగాడు.

అనసూయ డాక్టరు ముఖం చూసింది. సొరుగుల వైపు చూసింది.

"చెప్పినట్టు నాకు గుర్తు లేదు సార్," అంది. అంతటితో ఆపినా బాగుండేది. "ఈ ఊరి ఆడోళ్లతో వచ్చిన కష్టమే ఇది సార్. ఎంత అడిగినా మొగుని పేరు చెప్పరు. చదువులేని జనం, చెప్పాల్సింది చెప్పక మా మీదికి తెస్తారు."

హజరాబీకి ముందు ఆ మాటలు అర్థం కాలేదు. ఎవరిని గురించో అంటున్నట్టు అనిపించింది. అర్థమయ్యాక మున్నీని దగ్గరికి లాక్కుంది. పిల్ల ముఖం వాచినప్పుడు భయమేసింది, ఏడ్చింది. ఇప్పుడు ఏడుపు రాలేదు. డాక్టరు వైపు చూసింది, ఆయనైనా నోరు విప్పుతాడేమోనని. ఆయన ఒక కార్డును సొరుగులో సరిగ్గా సర్దుతున్నాడు. ఆయనకూ గుర్తుంది, అది ఆయన మెడ వంపులోనే తెలుస్తోంది.

పెద్దాయన కొత్త కాగితం తీసుకున్నాడు. నర్సు చెప్పింది రాయాలి కాబట్టి పేరు అడిగాడు. అనసూయ అని చెప్పింది. భర్త పేరు అడిగాడు.

అనసూయ చెంపలు ఎర్రబడ్డాయి. పెద్దాయన కలం కాగితానికి ఆనించి ఎదురుచూస్తున్నాడు. ఆయన మళ్లీ అడిగితే అనసూయ తల వంచుకుంది. వంచుకున్న తల కొంచెం పక్కకు తిరిగి, ఆమె కళ్లు తిన్నగా హజరాబీ దగ్గరికి వచ్చాయి. కావాలని కాదు, అలవాటు కొద్దీ. ఆసుపత్రి మెట్ల మీద చూసిన చూపే అది.

హజరాబీ కొంగు నోటికి అడ్డంగా లేదు. ఆమె ఒక అడుగు ముందుకు వేసింది.

"గురురాజారావు సామీ. ఇస్కూలు అయ్యవారు. ఆయమ్మ చెప్పదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన ఆ పేరు రాసుకున్నాడు. హజరాబీ అక్కడి నుంచి కదల్లేదు.

"నా మొగుని పేరు మహబూబ్ బాషా. దూదేకుల మహబూబ్ బాషా. ఆ పొద్దు చెప్పల్యా, నిజమే. సూది పడదని మాత్రం చెప్పినా. ఈ నోటితోనే చెప్పినా. నర్సమ్మకు తెలుసని గూడా చెప్పినా."

సైదున్నీసా బుగ్గ నొక్కుకుంది. వెనకున్న మగవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. సూది సంగతి కాదు వాళ్లకు, నలుగురిలో మొగుడి పేరు పలికిన ఆడదాన్ని వాళ్లు ఎప్పుడూ చూడలేదు. అనసూయ ముఖం పాలిపోయి, పళ్లెం కోసమో దేనికోసమో లోపలికి పోయింది.

పెద్దాయన కోప్పడలేదు. అంతకుముందు రాసిన కాగితం తీసి వేలితో చూపించాడు.

"బాగా చూస్తారని నువ్వే చెప్పావు గదమ్మా. నర్సమ్మ చాలా మంచిదని కూడా అన్నావు. రాసుకున్నాను."

ఆయన కలానికి మూత పెట్టాడు. భోజనం సిద్ధంగా ఉందని విశ్వేశ్వరయ్య వచ్చి చెప్పాడు. డాక్టరు సొరుగులు లోపలికి మోయించాడు.

హజరాబీ మున్నీని భుజాన వేసుకుని ఇంటికి బయలుదేరింది. దారిలో ఎవరూ పలకరించలేదు. ఆమెకు ఎండ తెలియలేదు, బరువు తెలియలేదు. నేను చెప్తే నమ్ముతారు అన్న మాట ఒక్కటే వినబడుతోంది. నిజమే, నమ్మారు. ఆ సగ్గుబియ్యం పొట్లం ఇంకా విప్పలేదు, దాన్ని ఇంట్లో ఉంచుకోవాలా తిరిగి పంపాలా అని ఆలోచిస్తూ నడిచింది.

ఆమె ఇల్లు చేరేసరికే సంగతి చేరింది. మహబూబ్ బాషా విల్లు పక్కన పెట్టి దూది మధ్యన కూర్చుని ఉన్నాడు. కోపంగా లేడు. సిగ్గుపడుతున్న వాడిలాగా గడ్డం గోక్కుంటున్నాడు. మున్నీని దించుకుని, పాదం ఒళ్లో పెట్టుకుని, కట్టు తడిసిందేమో చూశాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"నలుగుర్లో నా పేరు చెప్పినావంట?"

"చెప్పినా."

"రాసుకున్నారా?"

హజరాబీ దబ్బనంలోకి దారం ఎక్కించుకుంటోంది. దారం కొస తడిపి, నలిపి, మళ్లీ ప్రయత్నించింది.

"నర్సమ్మ మొగుని పేరు రాసుకున్నాడు," అంది. "నీది రాసుకోల్యా."